రంగులు ఎక్కడ మసకబారుతాయి? వయసు, నరాల జబ్బులు, రంగుల చూపు

క్లుప్తంగా: వయసు పెరిగేకొద్దీ రంగుల చూపు మారడం అందరిలోనూ జరిగేదే. చాలావరకు కంటి లెన్స్ పసుపు బారడమే దానికి కారణం. ఆ మార్పు రెండు కళ్లలో ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది, నీలం వైపు రంగులను ముందు తాకుతుంది. నరాల జబ్బుల తీరు వేరు. మార్పు ఒక కంటికే రావచ్చు, నాలుగైదు రోజుల్లోనే రావచ్చు, ఎరుపు వెలిసిపోవచ్చు. మెదడులో దెబ్బ తగిలితే కనిపించే దృశ్యంలో సగభాగం నుంచి రంగే మాయం కావచ్చు. ఏ రంగు, ఏ కన్ను, ఎంత వేగం అన్నవి తెలిస్తే లోపం ఎక్కడుందో డాక్టర్లు చాలావరకు అంచనా వేయగలరు. మన దగ్గర ఎక్కువగా వాడే రంగుల పరీక్షకు ఈ మార్పుల్లో పెద్ద భాగం అందదు.

నలుపు అనుకుని ముదురు నీలం చీర కొనుక్కొచ్చిన పెద్దావిడ, శుక్లం ఆపరేషన్ అయ్యాక ఇంట్లో గోడలన్నీ నీలంగా ఉన్నాయని కంగారు పడే పెద్దాయన, టీబీ మందులు మొదలుపెట్టిన మూడు నెలలకు సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పాలిపోయినట్టుందని చెప్పే యువకుడు. ముగ్గురి ఫిర్యాదూ ఒకటే, రంగులు సరిగా ఆనడం లేదని. ఇంట్లోవాళ్లు చెప్పే జవాబు కూడా తరచు ఒకటే, అద్దాలు మార్పించుకోమని. మొదటి ఇద్దరి విషయంలో సాధారణంగా కంగారు పడాల్సింది లేదు. మూడో వ్యక్తి మాత్రం ఆలస్యం చేస్తే చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఒకేలా వినిపించే ఈ ఫిర్యాదుల వెనుక ఉన్న కారణాలను విడదీసి చూడడం ఎందుకు అవసరమో ఇక్కడే తెలుస్తుంది.

## రంగు నడిచే దారి

కాంతి కంటిపాప గుండా లోపలికి వచ్చి, లెన్స్ దాటి, కంటి వెనుక పొర అయిన రెటీనా మీద పడుతుంది. అక్కడ రంగును పట్టే కణాలను కోన్లు అంటారు. ఒక్కో కంటిలో ఇవి సుమారు 60 లక్షలు ఉంటాయి. వీటిలో మూడు రకాలు. వాడుకలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కోన్లు అంటున్నా, ఏ కోనూ ఒంటరిగా రంగును చెప్పలేదు. తన మీద పడ్డ కాంతి ఎంతన్నదే దానికి తెలుసు. ఒక రకం కోన్ ఎంత స్పందించింది, పక్కనున్న వేరే రకం ఎంత స్పందించింది అని పోల్చినప్పుడే రంగు పుడుతుంది. ఆ పోలిక రెటీనాలోనే మొదలవుతుంది. అక్కడి తర్వాతి వరుస కణాలు సమాచారాన్ని రెండు జంటలుగా మారుస్తాయి: ఎరుపుకు ఎదురుగా ఆకుపచ్చ, నీలానికి ఎదురుగా పసుపు.

ఈ రెండు జంటల బలం సమానం కాదు. మొత్తం కోన్లలో నీలం రకం 5 నుంచి 10 శాతం మాత్రమే. రెటీనా నట్టనడుమ ఉన్న అతి చిన్న భాగంలో అవి అసలు ఉండవు. అంటే నీలం-పసుపు దారిలో పనిచేసే కణాలే తక్కువ. కొన్ని దెబ్బతిన్నా లోటు బయటపడుతుంది. వయసులోనూ, షుగర్‌లోనూ, నీటికాసుల్లోనూ (గ్లాకోమా) ముందుగా నీలం దెబ్బతింటుందని పదేపదే కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెటీనా నుంచి బయలుదేరిన సంకేతాలు పది, పన్నెండు లక్షల సన్నని పోగులున్న కంటి నరం గుండా మెదడుకు చేరతాయి. మొదట తల వెనుక భాగంలోని చూపు కేంద్రానికి, అక్కడి నుంచి మెదడు అడుగుభాగంలో రంగుల మీద ప్రత్యేకంగా పనిచేసే ప్రాంతానికి వెళ్తాయి. ఆ ప్రాంతం చేసే పని చిన్నది కాదు. పొద్దుటి ఎండలో, సాయంత్రం నీడలో, రాత్రి ట్యూబ్‌లైటు కింద టమాటా మీద నుంచి కంటికి చేరే కాంతి ఒక్కో వేళ ఒక్కోలా ఉంటుంది. అయినా టమాటా ఎర్రగానే కనిపిస్తుంది. చుట్టూ ఉన్న వెలుగు తీరును లెక్కలోంచి తీసేసి వస్తువు రంగును నిలకడగా ఉంచేది మెదడే.

లెన్స్, రెటీనా, నరం, మెదడు. ఈ నాలుగింటిలో ఏది దెబ్బతిన్నా రంగు మారుతుంది, ఒక్కోచోట ఒక్కో తీరులో. 1912లోనే జర్మన్ నేత్ర వైద్యుడు కోల్నర్ ఈ తేడాను ఒక సూత్రంగా చెప్పాడు: రెటీనా జబ్బుల్లో నీలం-పసుపు తికమక, కంటి నరం జబ్బుల్లో ఎరుపు-ఆకుపచ్చ తికమక ఎక్కువ. నీటికాసులు నరం జబ్బే అయినా నీలాన్ని ముందు తాకుతుంది కాబట్టి ఈ సూత్రానికి మినహాయింపులు ఉన్నాయి. అయినా వందేళ్ల తర్వాత కూడా మొదటి అంచనాకు ఇది పనికొస్తూనే ఉంది.

## లెన్స్ పసుపు బారినప్పుడు

పుట్టినప్పుడు దాదాపు స్వచ్ఛంగా ఉండే లెన్స్‌లో జీవితమంతా కొత్త పొరలు చేరుతూనే ఉంటాయి, పాతవి బయటకు పోవు. లోపలి ప్రొటీన్లు ఏళ్ల తరబడి పడిన కాంతికి, రసాయన మార్పులకు లోనై పసుపు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతాయి. పసుపు బారిన లెన్స్ నీలం, ఊదా కాంతిని ఆపేస్తుంది. దీనికి తోడు వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో కూడా మునుపటిలా విప్పారదు. ఈ రెండూ కలిసి 60 ఏళ్ల కంటిలో రెటీనాకు చేరే వెలుగు 20 ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే ఉంటుందని అంచనా.

అందుకే ముదురు నీలం, నలుపు ఒకేలా కనిపిస్తాయి. తెలుపుకు, గంధం రంగుకు తేడా తగ్గుతుంది. తెల్ల మాత్రకు, లేత పసుపు మాత్రకు తేడా పట్టడం కష్టమవుతుంది. రోజుకు నాలుగైదు రకాల మాత్రలు వేసుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. వెలుగు తక్కువైతే తికమక ఇంకా పెరుగుతుంది. పసుపు వెలుగిచ్చే బల్బులో నీలం పాలు అసలే తక్కువ. దాని కింద బట్టలు వేరుచేయడం పెద్దవాళ్లకు అందుకే కష్టం.

ఇంత మారినా చాలామంది వృద్ధులు తమ రంగుల చూపు మారిందని చెప్పరు. ఇది వాళ్ల అశ్రద్ధ కాదు. లెన్స్ ఎంత పసుపు బారినా తెల్ల కాగితం వాళ్లకు తెల్లగానే కనిపిస్తుంది. యువకులు, వృద్ధులు తెలుపుగా ఎంచుకునే వెలుగు దాదాపు ఒకటేనని 1990ల్లో జరిగిన ప్రయోగాల్లో తేలింది. కంటికి వచ్చే వెలుగులో నీలం తగ్గేకొద్దీ మెదడు, రెటీనా కలిసి నీలం సంకేతానికి విలువ పెంచుకుంటూ పోతాయి. ఈ సర్దుబాటు ఏళ్ల మీద జరుగుతుంది కాబట్టి తేడా తెలియదు. అయితే సర్దుబాటు తెలుపును కాపాడుతుందే తప్ప, పోయిన సమాచారాన్ని తిరిగి తేలేదు. లెన్స్ దగ్గరే ఆగిపోయిన నీలం కాంతి లేకుండా ముదురు నీలానికి, నలుపుకు తేడా చెప్పడం మెదడుకూ సాధ్యం కాదు.

శుక్లం ఆపరేషన్ తర్వాతి కంగారుకు మూలం ఇదే. పసుపు లెన్స్ పోయి స్వచ్ఛమైన కృత్రిమ లెన్స్ వచ్చిన రోజు, మెదడు పాత లెక్కలోనే ఉంటుంది. నీలానికి పెంచిన విలువ అలాగే ఉండగా నీలం కాంతి ఒక్కసారిగా లోపలికి వస్తుంది. గోడలు, దుప్పట్లు నీలి ఛాయలో కనిపిస్తాయి. ఒక కంటికే ఆపరేషన్ అయితే రెండు కళ్లను మార్చి మార్చి మూసి చూసినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆపరేషన్ కాని కంటితో చూస్తే లోకమంతా టీ డికాషన్ లోంచి చూసినట్టు ఉంటుంది. ఆపరేషన్ చెడిందని భయపడనక్కర్లేదు. మెదడు కొత్త వెలుగుకు తన తెలుపును వారాలు, నెలల మీద మళ్లీ సరిచేసుకుంటుంది.

ఈ మార్పుకు చరిత్రలో బాగా నమోదైన ఉదాహరణ ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే. 1912లో ఆయనకు రెండు కళ్లలో శుక్లాలున్నాయని తేలింది. తర్వాతి పదేళ్లలో ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి ఒరిగాయి, గీతలు మొరటుగా మారాయి. రంగు కంటికి తెలియక గొట్టాల మీది పేర్లు చూసుకుని, పలక మీద రంగులను ఎప్పుడూ ఒకే వరుసలో పెట్టుకుని పని చేశాడు. 1923లో కుడి కంటికి ఆపరేషన్ అయ్యాక నీలం మితిమీరి కనిపిస్తోందని బాధపడ్డాడు. అప్పటికి కృత్రిమ లెన్స్ పెట్టే పద్ధతి లేదు, అది 1949లో గానీ రాలేదు. రంగు అద్దాల కళ్లజోళ్లతో సర్దుకుని 1926లో మరణించేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. వయసు వల్ల వచ్చే మార్పును ఒక మనిషి ఏళ్ల తరబడి కాన్వాసు మీద నమోదు చేయడం అరుదు. అందుకే నేత్ర వైద్యులు ఇప్పటికీ ఆయన గురించి రాస్తున్నారు.

## షుగర్, నీటికాసులు: ముందు పోయేది నీలమే

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. షుగర్ వల్ల రెటీనా రక్తనాళాలు దెబ్బతింటాయని చాలామందికి తెలుసు. ఆ నాళాల మచ్చలు పరీక్షలో కనిపించకముందే కొందరిలో నీలం-పసుపు తేడా పట్టే శక్తి తగ్గుతుందన్నది అంతగా ప్రచారంలో లేదు. రెటీనా శరీరంలో అతి ఎక్కువ ఆక్సిజన్ వాడే కణజాలాల్లో ఒకటి. నాళాలు పగలకముందే అక్కడి నాడీ కణాలు శక్తి చాలక నీరసిస్తాయి, అసలే కొద్దిగా ఉన్న నీలం దారి ముందు తడబడుతుంది. షుగర్ ఉన్న 50 ఏళ్ల మనిషికి నీలం మసకబారితే అది లెన్స్ వల్లా, రెటీనా వల్లా అని విడిగా తేల్చాల్సిందే. వయసు మీద పడిందిలే అని వదిలేయకూడదు.

నీటికాసుల్లో కంటి నరంలోకి వెళ్లే కణాలు చనిపోతూ వస్తాయి. అక్కడా నీలం సంకేతాలు మోసే కణాలు అరుదైనవి కావడంతో పసుపు వెలుగు నేపథ్యం మీద నీలి చుక్కలు చూపించే ప్రత్యేక పరీక్షను తయారు చేశారు. ఈ జబ్బులో రంగు తేడాను రోగి తనంతట తాను గుర్తించడం దాదాపు జరగదు. 1990ల చివర ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేపట్టిన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో, హైదరాబాద్‌లో సాధారణ రకం నీటికాసులున్నట్టు తేలినవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా ఆ సంగతి అంతకుముందు తెలియదు.

## కంటి నరం: ఎరుపు వెలిసిపోతే

నరం దగ్గర కథ మారుతుంది. రెటీనా నట్టనడుమ నుంచి వచ్చే పోగులు అతి సన్ననివి, ఎప్పుడూ పనిలో ఉండేవి, శక్తి ఎక్కువగా ఖర్చు చేసేవి. సూక్ష్మమైన వివరాలను, ఎరుపు-ఆకుపచ్చ తేడాను మోసేవి ఇవే. నరానికి వాపు వచ్చినా, విషం తగిలినా, బీ12 లాంటి పోషకం కొరవడినా ముందు కుంగేవి కూడా ఇవే. అందుకే నరం జబ్బుల్లో రంగు చూపు అక్షరాల చూపు కంటే ఎక్కువగా దెబ్బతింటుంది. చార్టు మీద చివరి వరుసలు చదవగలిగిన మనిషికి కూడా ఎర్ర గుడ్డ ఉతికి ఉతికి వెలిసినట్టు కనిపించవచ్చు.

కంటి నరం వాపు ఎక్కువగా 20 నుంచి 45 ఏళ్ల మధ్య వస్తుంది, ఆడవారిలో ఎక్కువ. సాధారణంగా ఒక కంటికి వస్తుంది. కన్ను అటూ ఇటూ తిప్పితే నొప్పి, కొన్ని రోజుల్లో మసక, రంగులు పాలిపోవడం. 1988లో అమెరికాలో మొదలైన పెద్ద పరిశోధనలో ఈ రోగుల రంగు చూపును రెండు పద్ధతుల్లో పరీక్షించారు. ఒక పద్ధతిలో 88 శాతం మందికి, మరింత సూక్ష్మమైన పద్ధతిలో 94 శాతం మందికి లోపం కనిపించింది. చూపు వారాల్లో తిరిగివచ్చాక కూడా కొందరికి ఆ కంటిలో ఎరుపు కాస్త వెలిసినట్టే ఉండిపోతుంది. నరం చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతిన్నచోట సంకేతాల వేగం తగ్గుతుంది. స్నానం, జ్వరం, ఎండ వల్ల ఒంటి వేడి పెరిగితే ఆ మసక కాసేపు మళ్లీ రావచ్చు.

ఈ జబ్బుకు ప్రాధాన్యం ఎందుకంటే, కొందరిలో ఇది మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే మెదడు, వెన్నుపాము జబ్బుకు తొలి సూచన. అదే పరిశోధనలో రోగులను 15 ఏళ్లు గమనించారు. మొదటి ఎంఆర్ఐలో మెదడులో మచ్చలు లేనివారిలో 25 శాతం మందికి, ఒక్క మచ్చయినా ఉన్నవారిలో 72 శాతం మందికి ఆ జబ్బు వచ్చింది. ఇవి ఉత్తర అమెరికా లెక్కలు. మన దేశంలో ఆ జబ్బు అక్కడికంటే తక్కువ, కంటి నరం వాపుకు వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి ఈ శాతాలను ఇక్కడి రోగికి నేరుగా అంటగట్టకూడదు. ఎంఆర్ఐ ఎందుకు తీయమంటున్నారో అర్థం కావడానికి మాత్రం ఇవి చాలు.

## మందుల వల్ల వచ్చే మార్పు

తెలుగు రాష్ట్రాల్లో రంగు చూపుతో ముడిపడిన మందుల్లో మొదట చెప్పుకోవాల్సింది ఇథాంబ్యుటాల్. టీబీకి ఇచ్చే నాలుగు ప్రధాన మందుల్లో ఇది ఒకటి. ఒకప్పుడు ప్రభుత్వ చికిత్సలో కొత్త రోగులకు దీన్ని మొదటి రెండు నెలలే ఇచ్చేవారు. రోజువారీ మాత్రల విధానం వచ్చాక ఆరు నెలలూ ఇస్తున్నారు. ప్రాణం కాపాడే మందు కాబట్టి భయపడి మానేయడం ప్రమాదం. కానీ కొద్దిమందిలో ఇది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. ఆ అవకాశం మోతాదును బట్టి పెరుగుతుంది: రోజుకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల దగ్గర ఒక శాతం లోపు, 25 దగ్గర ఐదారు శాతం. మందు మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది కనుక, కిడ్నీలు నీరసించిన వృద్ధుల ఒంట్లో మామూలు మోతాదు కూడా పేరుకుపోతుంది.

సాధారణంగా రెండు నెలలు దాటాక, నొప్పి లేకుండా, రెండు కళ్లలో సమానంగా మొదలవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తికమక తొలి గుర్తుల్లో ఒకటి. అప్పుడే డాక్టరుకు చెప్పి మందు మారిస్తే చాలామందిలో చూపు నెలల మీద కోలుకుంటుంది. ఆలస్యమైతే కొందరిలో తిరిగిరాదు. రంగు తేడా గురించి ఆరోగ్య కార్యకర్త అడగడం, రోగి చెప్పడం అనే ఈ చిన్న సంభాషణ మీద ఒక మనిషి చూపు ఆధారపడి ఉంటుంది.

గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ ఒంట్లో ఎక్కువైతే వస్తువులు పసుపు, ఆకుపచ్చ ఛాయలో కనిపించవచ్చు. ఆ మందుకు మూలమైన మొక్క గురించి ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ 1785లోనే ఈ సంగతి రాశాడు. ఇక్కడ దెబ్బ నరానిది కాదు, రెటీనాలోని కాంతి కణాలది. గుండె మందులు వాడే పెద్దవారు ఉన్నట్టుండి అన్నీ పసుపుగా ఉన్నాయంటే, వాంతులు, నీరసం కూడా ఉంటే, వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

## పార్కిన్సన్స్: వణుకు కంటే ముందే?

పార్కిన్సన్స్ అంటే చేతి వణుకు, నడక మందగించడం గుర్తుకొస్తాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గడం వల్ల ఇవి వస్తాయి. డోపమైన్ రెటీనాలో కూడా ఉంటుంది. వెలుగు, చీకట్లకు తగ్గట్టు కణాల మధ్య సంబంధాలను బిగించడం, వదులు చేయడం దాని పని. లేత తేడాలు పట్టే శక్తి, పక్కపక్క రంగులను వేరుచేసే శక్తి దాని మీద ఆధారపడి ఉంటాయి. చికిత్స తీసుకోకుండా మరణించిన పార్కిన్సన్స్ రోగుల రెటీనాల్లో డోపమైన్ తక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఇక్కడ కూడా తికమక ఎక్కువగా నీలం-పసుపు వైపే ఉంటుంది. డోపమైన్ లోటు తీర్చే లెవోడోపా మాత్రతో కొందరిలో రంగు చూపు కొంత మెరుగుపడడం ఈ వివరణకు బలాన్నిస్తుంది.

నిద్రలో కల వస్తే కాళ్లు చేతులు ఆడిస్తూ, అరుస్తూ, పక్కవారిని కొట్టే ఒక నిద్ర జబ్బు ఉంది. అది ఉన్నవారిలో చాలామందికి కొన్నేళ్లకు పార్కిన్సన్స్ లేదా దానికి దగ్గరి మతిమరుపు జబ్బు వస్తుంది. అలాంటివారిని ఏళ్ల తరబడి గమనించినప్పుడు, వాసన, రంగు చూపు ముందే తగ్గినవారికి ఆ జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. ఈ వార్తలు చదివి, రంగు తికమక ఉంటే పార్కిన్సన్స్ వస్తుందని అనుకోవడం తప్పు. 60 దాటినవారిలో రంగు తికమకకు లెన్స్, షుగర్ లాంటి మామూలు కారణాలు ఎన్నో రెట్లు ఎక్కువ.

పరీక్షలోనే ఇంకో చిక్కుంది. ఈ పరిశోధనల్లో ఎక్కువగా వాడేది 85 రంగు బిళ్లలను ఛాయల వరుసలో పేర్చే పరీక్ష. దానికి ఓపిక కావాలి, చేయి నిలకడగా ఉండాలి, ఏది పేర్చామో గుర్తుండాలి. ఇవి తగ్గిన రోగికి కన్ను బాగున్నా తప్పులు పడతాయి. కాబట్టి ఆ మార్కుల్లో కంటి వాటా ఎంత, ఆలోచన వాటా ఎంత అన్నది పూర్తిగా తేలని చర్చ.

అల్జీమర్స్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ. రంగు చూపు తగ్గుతుందని కొన్ని పరిశోధనలు, వయసుకు మించి తగ్గదని కొన్ని చెబుతున్నాయి. స్పష్టంగా ఉన్నది లేత-ముదురు తేడాలు పట్టే శక్తి తగ్గడం. బోస్టన్ పరిశోధకులు 2004లో ప్రచురించిన చిన్న ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగ్గది. ముదిరిన అల్జీమర్స్ ఉన్న తొమ్మిది మంది మగవారికి తెల్ల పళ్లాలు, గ్లాసుల బదులు ముదురు ఎరుపువి ఇస్తే, వారు తినడం 25 శాతం, తాగడం 84 శాతం పెరిగాయి. ముదురు నీలంతో కూడా అలాంటి ఫలితమే వచ్చింది. అంటే పనిచేసింది ఎరుపు కాదు, తిండికీ పళ్లేనికీ మధ్య తేడా. తెల్ల కంచంలో తెల్లన్నం, పెరుగు వడ్డించే మన ఇళ్లలో, మతిమరుపు ఉన్న పెద్దవారు కంచంలో సగం వదిలేస్తుంటే ఖర్చు లేకుండా చేసి చూడగల మార్పు ఇది.

## కళ్లు బాగున్నా మెదడులో రంగు పోతే

1888లో స్విట్జర్లాండ్ నేత్ర వైద్యుడు లూయీ వెర్రే ఒక మహిళ గురించి రాశాడు. స్ట్రోక్ తర్వాత ఆమెకు ఎదురుగా ఉన్న దృశ్యంలో కుడి సగం రంగులేకుండా బూడిదగా కనిపించింది, ఎడమ సగంలో రంగులు మామూలుగా ఉన్నాయి. ఆమె మరణించాక మెదడును పరీక్షిస్తే, ఎడమవైపు వెనుక అడుగుభాగంలో దెబ్బ కనిపించింది. రంగుకు మెదడులో ప్రత్యేక స్థానం ఉందని వెర్రే తేల్చాడు.

ఆ తర్వాత జరిగింది శాస్త్ర చరిత్రలో ఆలోచించదగ్గ ఘట్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో తలకు గాయాలైన సైనికులను పరీక్షించిన బ్రిటిష్ నాడీ వైద్యుడు గార్డన్ హోమ్స్, రంగు ఒక్కటే పోయిన కేసులు తనకు కనిపించలేదన్నాడు. ఆయన మాటకున్న బరువు వల్ల వెర్రే గమనిక దశాబ్దాలపాటు మరుగున పడింది. హోమ్స్ చూసిన రోగుల తీరులోనే కారణం ఉంది. మెదడు వెనుక అడుగుభాగానికి తూటా తగిలిన సైనికులు బతికి ఆసుపత్రి దాకా రావడమే అరుదు. ఆయన దగ్గరికి వచ్చినవారి గాయాలు ఎక్కువగా పైభాగంలోవి. 1973లో లండన్‌లో సెమీర్ జెకీ కోతి మెదడులో రంగులకు ప్రత్యేకంగా స్పందించే ప్రాంతాన్ని చూపించాకే పాత కేసులకు మళ్లీ విలువ వచ్చింది. తర్వాత స్కానింగ్‌లు మనుషుల్లో కూడా అలాంటి ప్రాంతాన్ని, వెర్రే చెప్పిన చోటే, చూపించాయి.

ఇలా మెదడులో రంగు పోయిన రోగుల కోన్లు, నరం బాగానే ఉంటాయి. వెలుగు తేడా లేని రెండు రంగుల మధ్య హద్దును వారిలో కొందరు పసిగట్టగలరు కూడా. కానీ అది ఏ రంగో అనుభవంలోకి రాదు. లోకమంతా మురికి బూడిదలా ఉందని, తిండి చూస్తే తినబుద్ధి కావడం లేదని చెబుతారు.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మెదడులోని ఈ భాగానికి రక్తం ఇచ్చే నాళం వేరు, చేతులు కాళ్లు ఆడించే భాగానికి ఎక్కువగా రక్తం ఇచ్చే నాళం వేరు. కాబట్టి ఈ స్ట్రోక్‌లో మూతి వంకర పోకపోవచ్చు, చెయ్యి కాలు పడిపోకపోవచ్చు. తెలిసిన మనుషుల ముఖాలు గుర్తుపట్టలేకపోవడం, రోజూ నడిచే వీధిలో దారి తప్పడం, చూపులో పైభాగం కనిపించకపోవడం దీనికి తోడుగా రావచ్చు. ఒక్కరోజులో ఇలా మారితే అది వయసు కాదు, కళ్లద్దాల సమస్యా కాదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కాబట్టి కళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రంగు కనిపిస్తూ పేరు మాత్రం రాని స్థితి ఇంకొకటి. అలాంటివారు ఎర్ర బిళ్లలన్నీ ఒకచోట సరిగ్గా చేర్చగలరు, ఇది ఏ రంగు అని అడిగితే తప్పు చెబుతారు. చూపు భాగానికీ, మాటల భాగానికీ మధ్య దారి తెగినప్పుడు ఇలా జరుగుతుంది. చదవలేకపోవడంతో కలిసి వస్తుంది, రాయడం మాత్రం మిగిలే ఉంటుంది.

## పరీక్ష ఎక్కడ తప్పిపోతోంది

డ్రైవింగ్, రైల్వే ఉద్యోగాల వైద్య పరీక్షల ద్వారా చాలామందికి తెలిసింది చుక్కల మధ్య అంకె చదివే ఇషిహారా పుస్తకం. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా దీన్ని 1917లో ప్రచురించాడు. పుట్టుకతో వచ్చే ఎరుపు-ఆకుపచ్చ లోపాన్ని పట్టడానికి తయారైంది, ఆ పని ఇప్పటికీ బాగా చేస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపం రెండు కళ్లలో సమానంగా ఉంటుంది, జీవితమంతా మారదు, ఎక్కువగా మగవారిలోనే ఉంటుంది. మధ్యలో వచ్చే లోపం వీటిలో దేనికీ కట్టుబడదు. పైగా లెన్స్, షుగర్, నీటికాసులు, పార్కిన్సన్స్ తాకే నీలం-పసుపు తికమక ఈ పుస్తకంలో బయటపడదు. అంకెలన్నీ సరిగా చదివిన మనిషికి రంగు చూపు బాగుందని రాసిస్తే, ఆ మాట సగమే నిజం కావచ్చు. నీలం-పసుపు పలకలు కూడా ఉన్న పుస్తకాలు, 15 బిళ్లలను పేర్చే చిన్న పరీక్ష పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉంటాయి. అడిగితే చేస్తారు.

రెండో లోటు, రెండు కళ్లూ తెరిచి పరీక్షించడం. ఒక కంటి నరం దెబ్బతింటే రెండో కన్ను ఆ లోటును కప్పేస్తుంది. నాడీ వైద్యులు ఒక సులువైన పద్ధతి వాడతారు. ముదురు ఎరుపు సీసా మూతను ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూపించి, ఎరుపు రెండింటిలో ఒకేలా ఉందా అని అడుగుతారు. ఒక కంటికి ఎరుపు, ఇంకో కంటికి గులాబీ లేదా ఇటుక రంగు కనిపిస్తే వెంటనే లోతుగా పరీక్షించాలి.

ఇథాంబ్యుటాల్ విషయంలో ఈ మూత పద్ధతి చాలదు. దెబ్బ రెండు కళ్లకూ సమానంగా తగులుతుంది కాబట్టి పోల్చడానికి మంచి కన్ను మిగలదు. అక్కడ పోల్చాల్సింది అదే కంటిని, మందు మొదలుపెట్టక ముందున్న స్థితితో. ఇషిహారా పుస్తకం సరిగ్గా పనికొచ్చే చోటు కూడా ఇదే, తొలి తికమక సాధారణంగా ఎరుపు-ఆకుపచ్చల్లోనే ఉంటుంది కాబట్టి. చికిత్స మొదటి రోజున ఒక్కో కంటితో ఎన్ని అంకెలు చదివారో రోగి కార్డు మీద రాసిపెట్టి, నెలనెలా మందులకు వచ్చినప్పుడు మళ్లీ చదివిస్తే, తగ్గుదల చూపు పోకముందే కాగితం మీద కనిపిస్తుంది. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు లాంటి శిబిరాలు లక్షలమంది కళ్లను పరీక్షించగలమని చూపించాయి. వాటి గురి అద్దాలు, శుక్లాల మీద. టీబీ మందులు ఇచ్చే ప్రతిచోటా ఒక పుస్తకం, ఒక కన్ను మూయడానికి ఒక అట్టముక్క, కార్డు మీద రెండు గడులు ఉండేలా చూడడం దానికంటే చాలా చిన్న పని.